కాటా సున్నా దగ్గర సరి, పది కిలోల దగ్గర సరి, నడుమ మాత్రం తేడా: రేఖీయత అంటే అసలు ఏమిటి?

పలాస_కుర్రోడు · ఆదివారం రాత్రి 9:12

పెద్దలందరికీ నమస్కారం. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. మాకు పలాస దగ్గర చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. జీడిపిక్కలు కొట్టి, పొట్టు తీసి, రకాలుగా ఏరిన పప్పును ఇంటి లెక్క కోసం తూచుకోవడానికి నేనే ఒక కాటా తయారుచేశాను. అందులో 20 కిలోల లోడ్ సెల్ (బరువుకు కాస్త వంగి, ఆ వంపును విద్యుత్ సంకేతంగా మార్చే లోహపు దిమ్మె), ఆ సంకేతాన్ని అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్ 711 బోర్డు, ప్రోగ్రాము నడిపే ఆర్డుయినో బోర్డు, ఒక చిన్న తెర ఉన్నాయి. ఖాళీ పళ్లెం ఉన్నప్పుడు సున్నా, 10 కిలోల తూకపురాళ్లు పెట్టినప్పుడు 10,000 గ్రాములు చూపేలా ప్రోగ్రాములో అంకెలు సరిచేశాను.

తర్వాత నడుమ బరువులు పెట్టి చూస్తే లెక్క తప్పుతోంది. 2 కిలోలకు 2,057 గ్రాములు, 4 కిలోలకు 4,115, 6 కిలోలకు 6,172, 8 కిలోలకు 8,086 చూపుతోంది. 10 కిలోలకు మాత్రం సరిగ్గా 10,000. ఎన్నిసార్లు పెట్టినా ఇవే అంకెలు ఒకటి రెండు గ్రాముల తేడాతో వస్తున్నాయి కనుక ఇది విద్యుత్ గోల వల్ల వచ్చే చంచలత్వం కాదు. లోడ్ సెల్ రేఖీయ పరికరమని పాఠంలో చదివాను. రెండు బిందువులు సరిపోతే నడుమ ఉన్నవన్నీ ఆ గీత మీదే పడాలి కదా? రేఖీయత అన్న మాటనే నేను తప్పుగా అర్థం చేసుకున్నానేమోనని అనుమానం వస్తోంది.

గంటస్తంభం_మాస్టారు · ఆదివారం రాత్రి 10:40

బాబూ, నీ అనుమానం మంచిదే. రేఖీయత అంటే గ్రాఫు కాగితం మీద సరళరేఖ రావడమని చాలామంది అక్కడితో ఆగిపోతారు. నేను విజయనగరంలో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను కాబట్టి, ఆ పొరపాటు చేయించిన వాళ్లలో నేనూ ఒకడినే.

అసలు అర్థం రెండు షరతుల్లో ఉంది. పరికరానికి ఇచ్చేదాన్ని రెండింతలు చేస్తే అది తిరిగి ఇచ్చేది కూడా రెండింతలు కావాలి. మూడింతలు చేస్తే మూడింతలు కావాలి. ఇది మొదటిది. రెండు వస్తువులను విడివిడిగా పెట్టినప్పుడు వచ్చిన జవాబులను కలిపితే ఎంతవుతుందో, ఆ రెండింటినీ ఒకేసారి పెట్టినప్పుడు కూడా అంతే రావాలి. ఇది రెండోది, దీన్నే అధ్యారోపణ సూత్రమంటాం. ఈ రెండింటినీ పాటించే పరికరానికే ఒక బిందువు దగ్గర కొలిచి మిగతా అంతటా నమ్మే హక్కు మనకు వస్తుంది.

నీ అంకెలనే ఈ పరీక్షకు పెడదాం. 4 కిలోలు 4,115 చూపాయి, 6 కిలోలు 6,172 చూపాయి. కలిపితే 10,287 రావాలి. రెండూ కలిపి పెట్టినప్పుడు 10,000 మాత్రమే వచ్చింది. ఎక్కడో 287 గ్రాములు మాయమయ్యాయి. కాబట్టి నీ కాటా మొత్తంగా చూస్తే రేఖీయం కాదు. అయితే 2, 4, 6 కిలోల అంకెలను మాత్రమే తీసుకుని మొదటి షరతు పెట్టి చూడు. నీకే ఒక విచిత్రం కనబడుతుంది.

నెల్లిమర్ల_వాసి · సోమవారం ఉదయం 6:55

మాస్టారూ, నాదొక చిన్న సందేహం. సరళరేఖ సమీకరణంలో చివర ఒక స్థిరాంకం కూడుతాం కదా. ఆ గీత మూలబిందువు గుండా పోకపోయినా తిన్నగానే ఉంటుంది. దానినీ రేఖీయం అనకూడదా?

గంటస్తంభం_మాస్టారు · సోమవారం ఉదయం 8:20

గణితం పట్టుదలగా మాట్లాడితే అనకూడదు. కిలో బరువున్న బుట్టను కాటా మీద పెట్టి, టేర్ (ఖాళీ బుట్ట బరువును సున్నా చేసే మీట) నొక్కడం మరిచామనుకుందాం. 3 కిలోల పప్పు పోస్తే 4 చూపుతుంది. దాన్ని తీసి 5 కిలోలు పోస్తే 6 చూపుతుంది. ఈ రెండూ కలిపితే 10. కానీ 8 కిలోలూ ఒకేసారి పోస్తే 9 మాత్రమే చూపుతుంది, ఎందుకంటే విడివిడిగా తూచినప్పుడు బుట్టను రెండుసార్లు లెక్కించాం. గ్రాఫు తిన్నగానే ఉంది, అధ్యారోపణ మాత్రం తప్పింది. టేర్ నొక్కగానే గీత జరిగి మూలబిందువు గుండా పోతుంది, రెండు షరతులూ నిలబడతాయి. ఇంజినీర్లు ఇంత పట్టింపు లేకుండా రెండింటినీ రేఖీయమనే పిలుస్తారు, అందువల్ల నష్టమేమీ లేదు. బుట్ట సంగతి గుర్తుంటే చాలు.

నాగావళి_గట్టు · సోమవారం మధ్యాహ్నం 1:05

ఇంత చర్చ అవసరమా అనిపిస్తోంది. తమ్ముడూ, నువ్వు కొలిచిన అయిదు బిందువులను ప్రోగ్రాములో ఒక పట్టికగా రాసుకో. తెర మీద వచ్చిన అంకె ఏ రెండింటి నడుమ పడుతుందో చూసి, ఆ ముక్కకు తగిన గుణకంతో సరిచేయించు. ఇరవై వరుసల ప్రోగ్రాముతో పని తీరిపోతుంది. థర్మిస్టర్లతో (వేడిని బట్టి నిరోధం మారే భాగాలతో) ఉష్ణోగ్రత కొలిచేవాళ్లు చేసేది ఇదే: 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములుండే సాధారణ థర్మిస్టరు 50 డిగ్రీలకు దాదాపు మూడున్నర కిలో ఓములకు పడిపోతుంది, దాని గీత వంపు తిరిగి ఉంటుంది కాబట్టి పట్టిక పెట్టి వాడుకుంటారు.

కాటా_రిపేరు · సోమవారం రాత్రి 8:47

నేను శ్రీకాకుళంలో కాటాలు బాగుచేస్తాను. నాగావళి గారి సలహా థర్మిస్టరుకు సరైనదే, ఈ కాటాకు సరికాదు, కారణం చెబుతాను.

మా పనిలో మొత్తం అంకెలను చూడం, మెట్టు మెట్టుకూ ఎంత పెరిగిందో చూస్తాం. ప్రతి 2 కిలోలకూ ఈ అబ్బాయి కాటాలో పెరుగుదల వరుసగా 2,057, 2,058, 2,057, 1,914, 1,914 గ్రాములు. మొదటి మూడు మెట్లు ఒకే కొలత, చివరి రెండు మెట్లు ఒకే కొలత. లోడ్ సెల్ గీతే సహజంగా వంపు తిరిగి ఉంటే ప్రతి మెట్టూ కొంచెం కొంచెంగా మారుతూ వస్తుంది. ఇలా 6 కిలోల దగ్గర మడత పడదు. రెండు తిన్నని గీతలు ఒక చోట అతుక్కున్నాయంటే, ఆ బరువు దగ్గర సెల్ కిందికి వంగుతూ వంగుతూ దేనికో తగులుతోందని అర్థం. అక్కడి నుంచి పెట్టిన బరువులో దాదాపు 7 శాతం ఆ అడ్డు మోస్తోంది, మిగతాది మాత్రమే సెల్‌కు చేరుతోంది.

ఇక మాస్టారు చెప్పిన విచిత్రం ఇదే: 2, 4, 6 కిలోల దగ్గర కాటా ఒకే నిష్పత్తిలో పలుకుతోంది. తప్పు నడుమ లేదు. నువ్వు సరి అని నమ్మిన 10 కిలోల దగ్గరే ఉంది. అడ్డు తగిలిన చోట కాటాను సరిచేశావు కాబట్టి, అడ్డు లేని చోట అది ఎక్కువ చూపుతోంది.

పట్టిక ఎందుకు వద్దంటే, థర్మిస్టరు వంపు దాని పదార్థంలో ఉన్న గుణం. ఏడాది తర్వాత కూడా అలాగే ఉంటుంది. తగిలే అడ్డు అలా ఉండదు. ఎండకు పళ్లెం కొద్దిగా సాగితే 6 కిలోల దగ్గర తగిలేది 5 కిలోల దగ్గరే తగులుతుంది, దుమ్ము చేరితే ఇంకా ముందే తగులుతుంది. అప్పుడు నీ పట్టిక అబద్ధాన్ని సరిచేయకపోగా కొత్తది కలుపుతుంది.

చేయాల్సిన పని చెబుతాను. పళ్లెం తీసి, 8 కిలోలు సెల్ మీద పడేలా పెట్టి, తెల్ల కాగితం ముక్కను సెల్‌కూ అడుగు రేకుకూ నడుమ ఒక చివర నుంచి ఇంకో చివరకు లాగు. కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. ఎక్కడ పట్టేస్తే అక్కడ నీ దొంగ ఉన్నాడు.

ఇంకొక మాట. ఈ కాటాను ఇంటి లెక్కకే వాడుకో. అమ్మకానికీ కొనుగోలుకూ వాడే కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండి తీరాలి. 2009 నాటి చట్టం ఆ విషయంలో మినహాయింపు ఇవ్వదు.

పలాస_కుర్రోడు · సోమవారం రాత్రి 9:30

చాలా సంతోషం అన్నయ్యా. తూకపురాళ్లు పక్కింటి కొట్టు నుంచి అరువు తెచ్చినవి. మళ్లీ ఆదివారానికి గాని దొరకవు. ఆలోగా మాస్టారిని ఒకటి అడగాలి: అడ్డేమీ లేకపోతే లోడ్ సెల్ ఇంత తిన్నగా ఎందుకు పలుకుతుంది?

గంటస్తంభం_మాస్టారు · మంగళవారం ఉదయం 7:15

అందులో రెండు రేఖీయతలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. మొదటిది లోహానిది. స్ప్రింగు సాగే పొడవు దాని మీది బలానికి అనులోమంగా ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. అల్యూమినియం దిమ్మె కూడా స్థితిస్థాపక హద్దు లోపల ఆ మాటకు కట్టుబడుతుంది. లోడ్ సెల్ పూర్తి బరువు దగ్గర కూడా ఆ దిమ్మె మీద గేజీలు (సాగితే నిరోధం మారే సన్నని రేకులు) అతికించిన చోట సాగుదల సుమారుగా వెయ్యింటికి ఒక వంతు మాత్రమే. హద్దుకు చాలా దూరంగా పని చేయిస్తారు కనుకనే అది మాట తప్పదు.

రెండోది వలయానిది. గేజీ నిరోధం 350 ఓములైతే ఆ కాస్త సాగుదలకు మారేది 0.7 ఓములు. నాలుగు గేజీలను వీట్‌స్టన్ వంతెనగా, అంటే చతురస్రంలా నాలుగు భుజాలున్న వలయంగా కలుపుతారు. బరువు పడినప్పుడు రెండు గేజీలు సాగుతాయి, రెండు నొక్కుకుంటాయి. ఒక్క గేజీ మాత్రమే మారే వంతెన జవాబులో సన్నని వంపు ఉంటుంది, కానీ నాలుగూ ఇలా జంటలుగా ఎదురెదురుగా మారినప్పుడు ఆ వంపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నీ సెల్ వోల్టుకు 2 మిల్లీవోల్టుల రకమైతే, 5 వోల్టులు ఇచ్చినప్పుడు 20 కిలోలకు 10 మిల్లీవోల్టులు వస్తాయి, అంటే కిలోకు అర మిల్లీవోల్టు.

పాత_రేడియో · మంగళవారం రాత్రి 9:02

మాస్టారి మాటలు చదువుతుంటే రేఖీయం కానిదంతా చెడ్డదన్న భావం కలుగుతుందేమోనని నాకు భయం. నేను చిన్నప్పటి నుంచి రేడియోలు విప్పుతున్నవాణ్ని కాబట్టి రెండో పక్షం వాదిస్తాను.

ముందుగా ఓం సూత్రం సంగతి. 1827లో ఓం చెప్పినది ఉష్ణోగ్రత మారనప్పటి మాట. మా అటక మీద మిగిలిన 100 వాట్ల పాత బల్బును మీటరుతో కొలిస్తే 39 ఓములు చూపింది. వెలుగుతున్నప్పుడు 230 వోల్టుల దగ్గర లెక్క కడితే దాని నిరోధం 529 ఓములు. అదే తీగ, పదమూడు రెట్ల తేడా. వేడెక్కే కొద్దీ అది కరెంటును తానే అదుపు చేసుకుంటుంది. స్విచ్ వేసిన క్షణంలోనే ఎక్కువ బల్బులు ఎందుకు మాడిపోయేవో దీన్ని బట్టి ఊహించవచ్చు.

ఇక రేడియో. విశాఖపట్నం ఆకాశవాణి మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. మన సెట్టు లోపల 1,382 కిలోహెర్ట్జ్ తరంగాన్ని తానే పుట్టించి, వచ్చిన తరంగంతో కలుపుతుంది. ఆ కలిపే భాగం రేఖీయమైతే రెండు తరంగాలూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా లోపలికి వచ్చినట్టే బయటికి పోతాయి. కొత్తగా ఏమీ పుట్టదు. వంకర గీత ఉన్న ట్రాన్సిస్టరులో కలిపినప్పుడే వాటి తేడా అయిన 455 కిలోహెర్ట్జ్ పుడుతుంది, సెట్టులోని మిగతా యంత్రాంగమంతా ఆ ఒక్క పౌనఃపున్యం కోసమే కట్టి ఉంటుంది. తర్వాత మాటను విడదీసే డయోడు కూడా వంకరదే. రేఖీయమైన భాగాలతో మాత్రమే రేడియో కట్టమంటే ప్రాంతీయ వార్తలు ఎవరికీ వినబడవు.

బొబ్బిలి_తంత్రి · బుధవారం సాయంత్రం 5:50

పాత రేడియో గారూ, వీణ నేర్చుకున్నదాన్నిగా ఇక్కడ ఒక మాట చేర్చనివ్వండి. మా బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారని అందరికీ తెలుసు. దాని తంత్రిని మీటినప్పుడు మూలస్వరమూ, దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల అనుస్వరాలూ అన్నీ ఒకే తీగ మీద ఏకకాలంలో కదులుతాయి, అయినా ఒకదాని దారికి ఇంకొకటి అడ్డు రాదు. మాస్టారు చెప్పిన అధ్యారోపణ నాకు ఆ తీగ మీద వినిపిస్తుంది. మరీ గట్టిగా మీటితే మాత్రం తీగ బిగువు క్షణకాలం పెరిగి, స్వరం కొద్దిగా పైన మొదలై కిందికి జారుతుంది. తీగ రేఖీయత కూడా మెల్లగా మీటినంత వరకే.

నా ఫిర్యాదు వీణ మీద కాదు, మైకుల మీద. ఒకసారి ఒక జాతరలో వాయించాను. యాంప్లిఫయరు నాబ్‌ను చివరి దాకా తిప్పేశారు. షడ్జమం 200 హెర్ట్జ్, చతుశ్రుతి రిషభం 225 హెర్ట్జ్ అనుకోండి. రెండు తీగలు కలిసి మోగినప్పుడు నేను వాయించని స్వరాలేవో డబ్బాల్లోంచి వచ్చాయి. మీ లెక్క ప్రకారం వాటి మొత్తమూ తేడా అయిన 425, 25 హెర్ట్జ్ పుట్టి ఉండాలి. 425 అంటే పై స్థాయి శుద్ధ రిషభానికి దగ్గర, నా రాగంలో లేని స్వరం! రేడియోలో వరమైనదే కచేరీలో శాపమైంది.

పాత_రేడియో · బుధవారం రాత్రి 10:15

అమ్మా, మీ చెవి చెప్పినది నిజమే గాని లెక్కను కొంచెం దిద్దాలి. మొత్తమూ తేడా పుట్టేది తరంగం ఒక వైపు ఎక్కువగా నలిగినప్పుడు. నాబ్ చివరికి తిప్పిన యాంప్లిఫయరు సాధారణంగా తరంగం పై కొసనూ కింది కొసనూ సమానంగా నరికేస్తుంది. అప్పుడు ముందుగా పుట్టేవి ఒక స్వరం రెట్టింపులోంచి రెండోదాన్ని తీసివేయగా వచ్చేవి, అంటే 175, 250 హెర్ట్జ్. ఇందులో 250 మీ అంతర గాంధారమే కనుక కొన్ని రాగాల్లో కలిసిపోతుంది, 175 మాత్రం మంద్ర స్థాయి కైశికి నిషాదం కంటే కొంచెం కిందికి పడి అపస్వరంగా వినబడుతుంది.

యాంప్లిఫయరును తిన్నగా పలికించే మందు 1927 నుంచి ఉంది. టెలిఫోను లైన్ల యాంప్లిఫయర్లతో వేగుతున్న హెరాల్డ్ బ్లాక్ ఆ ఏడాది ఆగస్టులో పడవ మీద పనికి వెళుతూ, చేతిలోని దినపత్రిక పుట మీదే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ సూత్రం గీసుకున్నాడు. బయటికి వచ్చిన దానిలో పదో వంతును వెనక్కి తెచ్చి, లోపలికి వచ్చే దాని నుంచి తీసివేయండి. లోపలి వర్ధనం లక్ష రెట్లయితే మొత్తం వర్ధనం 9.9990, లోపలిది యాభై వేలకు సగమైపోయినా మొత్తం 9.9980 దగ్గరే నిలుస్తుంది. చేతిలో ఉన్న బలాన్ని ధారపోసి తిన్నదనాన్ని కొనుక్కోవడమన్నమాట. అయితే సరఫరా వోల్టేజీ అయిపోయాక ఏ ఫీడ్‌బ్యాకూ కాపాడదు. జాతర మైకువాళ్లకు ఈ సంగతి చెప్పి ఒప్పించినవాణ్ని నేనింకా చూడలేదు.

నాగావళి_గట్టు · గురువారం ఉదయం 7:40

పట్టిక మాట వెనక్కి తీసుకుంటున్నాను. నది గట్టున పెరిగినవాణ్ని, నాకు ముందే తట్టవలసింది. ఆనకట్ట మీంచి పొర్లే నీటి మట్టం రెండింతలైతే ప్రవాహం రెండింతలు కాదు, దాదాపు 2.8 రెట్లు అవుతుంది, ఎందుకంటే అది మట్టానికి ఒకటిన్నర ఘాతంగా పెరుగుతుంది. అక్కడ పట్టిక చెల్లుతుంది, ఎందుకంటే ఆ వంపు నీటి స్వభావంలోనే ఉంది. ఆనకట్ట తూములో చెట్టు కొమ్మ అడ్డం పడితే మాత్రం పట్టిక దిద్దరు, కొమ్మ తీస్తారు.

పలాస_కుర్రోడు · ఆదివారం మధ్యాహ్నం 12:25

దొంగ దొరికాడు. అన్నయ్య చెప్పినట్టు పళ్లెం తీసి, 8 కిలోలు పెట్టి, కాగితం లాగాను. మూడు వంతుల దూరం సాఫీగా జరిగి, తీగలు బయటికి వచ్చే చోట పట్టేసింది. ఫోను దీపం ఒక పక్క నుంచి వేసి రెండో పక్క నుంచి చూస్తే సెల్ కింద వెలుగు గీతలా కనబడింది, ఆ ఒక్క చోటే నల్లగా ఉంది. తీగలు కదలకుండా ఉండటానికి నేనే పూసిన సిలికాన్ బంక బొట్టు గట్టిపడి కిందికి పొడుచుకొచ్చింది. దాని కొస రేకుకు తగిలి తగిలి అద్దంలా నునుపెక్కి ఉంది. మెత్తటి పదార్థం కాబట్టే బరువంతా కాకుండా 7 శాతం మాత్రమే మోసిందని ఇప్పుడు అర్థమైంది. తీగలకు గాటు పడకుండా బ్లేడుతో ఆ కొస తీసేశాను.

మళ్లీ 10 కిలోల దగ్గర సరిచేశాక 2 కిలోలకు 2,002, 4 కిలోలకు 4,003, 6 కిలోలకు 6,003, 8 కిలోలకు 8,002 వచ్చాయి. మెట్లు లెక్క కట్టాను: 2,002, 2,001, 2,000, 1,999, 1,998.

గంటస్తంభం_మాస్టారు · ఆదివారం మధ్యాహ్నం 2:10

చూశావా, ఇప్పుడు మడత లేదు. మెట్టు మెట్టుకూ గ్రాము చొప్పున తగ్గే సన్నని విల్లు మాత్రం మిగిలింది. అది నీ లోడ్ సెల్ సొంత వంపు. అత్యధికంగా 3 గ్రాములు, అంటే 20 కిలోల సామర్థ్యంలో 0.015 శాతం. నాలుగు ప్లస్ ఆరు పరీక్ష మళ్లీ చేస్తే 10,006కు 10,000 వస్తుంది. నాగావళి గారి పట్టిక పెట్టాలంటే ఇప్పుడు పెట్టుకో, అభ్యంతరం లేదు.

కాటా_రిపేరు · ఆదివారం సాయంత్రం 6:30

పట్టికకు ముందు రెండు పరీక్షలు మిగిలి ఉన్నాయి. రాళ్లు ఒక్కొక్కటి తీస్తూ దిగేటప్పటి అంకెలు రాసుకో. ఎక్కేటప్పటి అంకెలకూ వాటికీ తేడా ఉంటే అది రేఖీయత లోపం కాదు, వేరే జబ్బు, పట్టికతో పోదు. తర్వాత 6 కిలోలను పళ్లెం నాలుగు మూలలా పెట్టి చూడు.

పలాస_కుర్రోడు · ఆదివారం రాత్రి 8:55

దిగేటప్పుడు 8 కిలోలకు 8,003, 6 కిలోలకు 6,005, 4 కిలోలకు 4,005, 2 కిలోలకు 2,003, ఖాళీ పళ్లేనికి 1 గ్రాము వచ్చాయి. మూలల్లో మూడు చోట్ల 6,002 నుంచి 6,004 లోపు చూపింది, తీగల వైపు కుడి మూలన మాత్రం 5,994. రాళ్లు రాత్రికే తిరిగి ఇచ్చేయాలి. ఆ మూల కింద కాగితం మళ్లీ లాగాను, ఈసారి ఎక్కడా పట్టలేదు. పళ్లేన్ని సెల్‌కు బిగించిన బోల్టుల్లో ఒకటి మాత్రం చేత్తోనే పావు చుట్టు తిరిగింది.